డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము
(వైద్యవిద్యను కోరు మన బాలబాలికల కొఱకు)



వార్షిక మహాసభలు జరుగునపుడెల్ల ప్రత్యేక సంచికలో నొక మహాపురుషుని జీవితచరిత్రమును ప్రకటించుట సంఘముల పరిపాటి. సాధారణముగా నట్టి చరిత్రములు విజయముతో నారంభమై విజయముతో ముగియును. చదివిన బాలుడు చేతులు జోడించి పుస్తకము మూసివేయును. ఆ మహాపురుషు డొక లోకమువాడనియు, తాను వేరొక లోకమువాడననియు తలచి యూరకుండును. ఇపుడు వ్రాయబూనిన చరిత్ర మట్టిది గాదు. ఇది మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పిన యొక తెలుగు బాలుని కథ. పరుల ధనముతో వైద్యము చదివి, చదివినదానికి తగిన పట్టము పొందజాలక, పరదేశమున రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడిగి, తుదకు లోకమునకు ప్రాణదానము చేసిన మందులను సమకూర్చిన యొక వైద్యుని కథ.

చోడవరము, మాడుగుల, అనకాపల్లి ప్రాంతములలో ప్రతి వేసవియందును మన యిండ్లలో జరుగు చర్చ యెల్లరకు తెలిసినదే. చెరకు పండించి బెల్లము వండించు రైతు కుటుంబమున గాని, చిన్న యుద్యోగి కుటుంబమున గాని, ఒక పిల్లవాడో పిల్లయో వైద్యము చదువుదునని కోరును. ఫీజులెట్లు? ప్రవేశపరీక్ష తప్పినచో మరల నొక సంవత్సరము కూర్చుండబెట్టుటయా, మానిపించుటయా? పట్టము పుచ్చుకొనిన పిమ్మట వైద్యమున కేగుట ఆలస్యము గాదా? ఈ ప్రశ్నల కన్నిటికిని సుబ్బారావుగారి జీవితమున సమాధానములు గలవు. అందుచేతనే వారి చరిత్రము నిచట వ్రాయుచున్నాము.

జననము, బాల్యము

శ్రీ యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీని, నేటి పశ్చిమగోదావరి జిల్లాలోని భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూశాఖలో నొక చిన్న యుద్యోగి. అనారోగ్యముచే ఆయన కాలము నిండకమునుపే యుద్యోగము విడువవలసి వచ్చెను. పెద్ద సంసారము, కొలది రాబడి. తల్లి వెంకమ్మగారు దృఢచిత్త. కుమారుడు చదివి పైకి రావలెనను పట్టుదల యామెకు మెండు.

కుమారునకు మాత్ర మా వయస్సున చదువుపై మనసు నిలువలేదు. పదుమూడేండ్ల ప్రాయమున బంధువైన యొక బాలునితో గూడి యిల్లు విడిచి కాశికి బయలుదేరిరి. అచట యాత్రికులకు అరటిపండ్లు విక్రయించి ధనవంతులు గావలెనని వారి యూహ! నిడదవోలు దాటకమునుపే పట్టుబడి యింటికి చేరిరి. తల్లి వారిని మరల బడిలో నుంచెను. ఈ చిన్న సంగతిని విని నవ్వుకొనవచ్చును. కాని దీనియందు గుర్తింపదగిన దొకటి గలదు: ఇంటి దారిద్ర్యము నా బాలు డెఱుగును, దానిని తీర్పవలెనని తహతహపడెను, మార్గము మాత్రము తెలియలేదు. నేడును బడి మానిన బాలురలో ననేకుల స్థితి యిట్టిదే.

రాజమహేంద్రవరమున చదువు సాగెను. మెట్రిక్యులేషను పరీక్షకు కూర్చుండిరి, తప్పిరి. మరల కూర్చుండిరి, మరల తప్పిరి. ఆ కాలమున మెట్రిక్యులేషను తప్పిన బాలుడు కరణీకమునకో, దుకాణమున పద్దులు వ్రాయుటకో పోవుట వాడుక. వెంకమ్మగా రందుల కంగీకరింపలేదు. తన నగలమ్మి కుమారుని చెన్నపట్టణమునకు పంపెనని చెప్పుదురు. అచట హిందూ హైస్కూలునుండి మూడవ పర్యాయము పరీక్షకు కూర్చుండి సుబ్బారావుగా రుత్తీర్ణులైరి. వారికి పదునెనిమిది సంవత్సరముల వయస్సున తండ్రి గతించిరి.

మూడవ పర్యాయమని చెప్పితిమి. ఆ మూడవ పర్యాయమున కవకాశము లేకుండిన యెడల ఈ చరిత్రమే లేదు.

సన్న్యాసమా, వైద్యమా

చెన్నపట్టణమున ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియేటు చదువుచున్న దినములలో వారి మనస్సు రామకృష్ణ మఠమువైపు మరలెను. సన్న్యసించి సేవచేయవలెనని నిశ్చయించుకొనిరి. తల్లి యనుమతి లేనిదే చేర్చుకొన వీలులేదని మఠమువారు తెలిపిరి, తల్లి యనుమతింపలేదు. సన్న్యాసము తప్పినను సేవాభిలాష తప్పలేదు. రోగులకు సేవచేయుటకు వైద్యమునకు మించిన మార్గము లేదని వారు వైద్యకళాశాలవైపు తిరిగిరి. వైద్యవిద్యకు మొదటి సిద్ధత యిదియే యని మా యభిప్రాయము. రసాయనశాస్త్రము, జీవశాస్త్రము తరువాత నేర్వవచ్చును. దేనికొఱకు నేర్చుచున్నామను సంగతి మొదట తెలియవలెను. నెలజీతము కొఱకు గాని, కట్నము కొఱకు గాని వైద్యము కోరినవాడు మొదటి యపజయమునకే క్రుంగిపోవును.

ఆనాటి పరిస్థితులను కొంచెము చెప్పవలసియున్నది. అపుడు ఆంధ్రదేశమున విశ్వవిద్యాలయ పట్టమునిచ్చు వైద్యకళాశాల లేదు. గోదావరి జిల్లాలవాడైనను, విశాఖపట్టణము జిల్లావాడైనను చెన్నపట్టణమునకే పోవలెను. కొందరు మొదట బి.ఏ. పట్టము పొంది, పిమ్మట వైద్యమున చేరెడివారు. గుండుగొలనులో జన్మించిన డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మద్రాసు క్రిస్టియను కళాశాలలో పట్టభద్రులై, తరువాతనే ఎం.బి.సి.ఎం. చదివి, మచిలీపట్టణమున వైద్యవృత్తి నవలంబించిరి. ఆయుర్వేదమున కపార సేవచేసిన డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారును బి.ఏ. పిమ్మటనే ఎం.బి.సి.ఎం. పట్టమునందిరి. కావున పట్టభద్రుడు వైద్యవిద్యార్థి యగుట మన దేశమున క్రొత్తగాదు. ముందు లోకజ్ఞానమును సంపాదించి పిదప రోగిని సమీపించిన వైద్యులు మనలో పూర్వమునుండియు గలరు.

వైద్యకళాశాల - ఒక ధోవతి, ఒక పట్టము

సుబ్బారావుగారు మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించిరి. ఫీజులకు, పుస్తకములకు, భోజనమునకు సొమ్మెక్కడిది? మిత్రులు కొందరు సాయపడిరి. ముఖ్యముగా కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు వారి చదువు భారమును వహించిరి. 1919వ సంవత్సరమున వారి కుమార్తె శేషగిరిగారిని సుబ్బారావుగారు వివాహమాడిరి. మామగారి ధనముతో చదువుకొనుట ఆనాడు సామాన్యమే. అయినను ఈ సంబంధమున నొక విశేషమున్నది. వివాహమైనతోడనే లెక్కలు సరిచూచుకొనుట వారికి తెలియదు. అల్లుడు పరదేశమున కేగదలచినపుడు సయితము సాయముచేసినవారు సూర్యనారాయణమూర్తిగారే.

ఈ కాలముననే సంగ్రహణి వ్యాధి యా కుటుంబమును కబళించెను. సుబ్బారావుగారి సోదరు లిరువురు ఆ వ్యాధిచేతనే స్వల్పకాలములో మరణించిరి. వైద్యవిద్యార్థి తన యింటనే రోగిని జూచుచు, గ్రంథములయం దౌషధము గానక, చేతులు కట్టుకొని నిలువవలసి వచ్చెను. పిమ్మట వారికిని ఆ వ్యాధియే సోకెను. ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సచే వారు బ్రతికిరి. ఈ సంగతిని పాఠకులు మనస్సున నుంచుకొనవలెను. దీని ఫలితము పాతిక సంవత్సరములకు కనబడును.

అది మహాత్మాగాంధీగారి పిలుపు దేశమంతట మ్రోగుచున్న కాలము. సుబ్బారావుగారు ఖద్దరు ధరించిరి. శస్త్రచికిత్సా శాలలో ధరించు పైయంగీని సయితము ఖద్దరుతోనే కుట్టించుకొనిరి. శస్త్రశాస్త్ర ఆచార్యులైన బ్రాడ్‌ఫీల్డు దొరగారికి ఇది రుచింపలేదు. పరీక్షలు బాగుగనే వ్రాసినను, సంపూర్ణమైన ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే వారికి లభించెను. మద్రాసు వైద్యశాఖలో ఉద్యోగమునకు యత్నించిరి, అదియు దొరకలేదు.

ఎంతటి యన్యాయము జరిగినను సుబ్బారావుగారు దాని నొక వ్యాజ్యముగా జీవితమంతయు మోయలేదు. లక్ష్మీపతిగారి పర్యవేక్షణలోనున్న చెన్నపట్టణపు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్ర బోధకులుగా కుదిరి, ఆయుర్వేద విద్యార్థులకు మానవదేహ నిర్మాణమును బోధించిరి. ఆయుర్వేద గ్రంథములను శ్రద్ధతో పఠించి, అందలి యోషధులను నవీనశాస్త్ర పద్ధతిని పరీక్షింపవలెనని తలపోసిరి. ఆ సమయముననే యొక అమెరికా వైద్యునితో పరిచయమై, పరిశోధనకు అమెరికా తగిన స్థలమని తెలిసెను.

కోరంగి దాత, భీమవరపు విద్యార్థి

అమెరికా ప్రయాణమునకు ధనము కావలెను. మామగారు కొంత సమకూర్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగము నాయకరుగారి ధర్మసంస్థవారు సహాయము చేయ వాగ్దానము చేసిరి. ఈ నాయకరుగా రెవరు? కాకినాడ సమీపమున కోరంగి ప్రాంతమున నతి సామాన్య కుటుంబమున జన్మించి, ఓడపై రంగూనునకు పోయి, అచట స్వశక్తితో నపారధనము గడించి, దానిని విద్యాదాన ధర్మములకు వ్రాసియిచ్చిన పుణ్యాత్ముడు. ఆయన కులము వేరు, సుబ్బారావుగారి కులము వేరు. ఒకరి నొకరు చూచుటయు లేదు. 1922వ సంవత్సరమునాటికి దాత కీర్తిశేషుడు. సముద్రముమీద చెమటయోడ్చి కూడబెట్టిన సొమ్ము, దాత మరణానంతరము, తన కులమువాడు గాని యొక విద్యార్థిని మరియొక సముద్రము దాటించెను.

కుల సంఘపు సంచికలో ఈ మాట వ్రాయుటకు మేము సంకోచింపలేదు. సంఘము తనవారిని ముందు చూచుకొనుట ధర్మమే. కాని ధర్మసంస్థయొక్క కీర్తి ఎవరిని చేర్చుకొనెనను దానిచే పెరుగునుగాని, ఎవరిని తిరస్కరించెనను దానిచే పెరుగదు. కోరంగి దాత మనకు చూపిన మార్గమిదియే.

బోస్టను నగరమున

1922వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీని సుబ్బారావుగారు బోస్టను నగరము చేరిరి. భార్య స్వదేశముననే యుండెను. వారు వెడలిన పిమ్మట కలిగిన కుమారుడు శైశవముననే గతించెను. తండ్రి ఆ శిశువు ముఖమైన చూడలేదు. వారు మరల స్వదేశమునకు రాలేదు. ఈ త్యాగము గొప్పదే. దీని మూల్యములో నధికభాగము శేషగిరిగారు చెల్లించిరను సంగతియు చరిత్రకారుడు మరువరాదు.

బోస్టనులో హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణదేశవైద్య పాఠశాలయందు వారు చేరిరి. ఎల్.ఎం.ఎస్. పట్టముతో అచటి ఆసుపత్రిలో వైద్యుడుగా పనిచేయ వీలులేకపోయెను. పొట్టపోసికొనుటకై పీటర్ బెంట్ బ్రిగ్హామ్ ఆసుపత్రిలో రాత్రిపూట సేవకుడుగా కుదిరి, రోగుల పాత్రలు శుభ్రపరచిరి. పగలు పాఠశాల, రాత్రి ఆసుపత్రి. ఉష్ణదేశవైద్యమున డిప్లొమాను పొందిరి.

ఇచట అమెరికాలో వైద్యవిద్యకు సిద్ధపరచు పద్ధతినిగూర్చి రెండు మాటలు. 1910లో ఏబ్రహాము ఫ్లెక్స్నరు అను విద్యావేత్త ఆ దేశపు వైద్యకళాశాలల నన్నిటిని పరిశీలించి యొక నివేదికను ప్రకటించెను. రసాయనశాస్త్రము, భౌతికశాస్త్రము, జీవశాస్త్రములయందు కళాశాలస్థాయిలో గట్టి పునాది లేనివానిని వైద్యమున చేర్చుకొనరాదని యా నివేదిక సారాంశము. దాని ఫలితముగా అనేక నాసిరకపు వైద్యపాఠశాలలు మూతపడెను. 1928నుండి ప్రవేశమునకు ప్రత్యేక పరీక్షయు నేర్పడెను. నేడచట సాధారణముగ నాలుగు సంవత్సరములు చదివి పట్టభద్రుడైన పిమ్మటనే, ప్రవేశపరీక్ష వ్రాసి వైద్యకళాశాలలో చేరుదురు. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబముల పిల్లలు పోవుచున్న మార్గమిదియే. మన దేశమున ఇంటర్మీడియేటు ముగిసినంతనే వైద్యప్రవేశము. రెండు పద్ధతులలోను గుణదోషములు గలవు; మూలసూత్రము మాత్రమొకటే. ప్రకృతిశాస్త్రములయందు చేయి తిరుగనివాడు వైద్యగ్రంథమును కంఠస్థము చేయగలడుగాని రోగమును శోధింపజాలడు.

సుబ్బారావుగారి తదుపరి జీవితమే యీ సూత్రమునకు నిదర్శనము. వైద్యుడైనవాడు మరల విద్యార్థియై, జీవరసాయనశాస్త్రమును మొదటినుండి అభ్యసించెను.

పరిశోధనలు

హార్వర్డునందు సైరస్ ఫిస్కె అను ఆచార్యునివద్ద వారు చేరిరి. రక్తమునందును మూత్రమునందును భాస్వర మెంత యున్నదో కొలుచుటకు సులభమైన పద్ధతి యప్పుడు లేదు. ఆ ద్రవముతో మాలిబ్డేటును కలిపి, నీలవర్ణము పుట్టించి, ఆ వర్ణపు గాఢతనుబట్టి భాస్వరమును లెక్కించు పద్ధతిని గురుశిష్యు లిరువురును గూర్చి 1925లో ప్రకటించిరి. ఫిస్కె-సుబ్బారావు పద్ధతి యని దానికి పేరు. వైద్యకళాశాలల జీవరసాయన శాలలలో తరతరముల విద్యార్థు లీ పేరు నుచ్చరించిరి. అది భీమవరపు పేరని యెఱిగినవారు కొందరే.

ఆ పద్ధతి చేతికి రాగానే కండరములయందు భాస్వర మే రూపముననున్నదని వెదకిరి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనుగొనిరి. కండరము పనిచేయుటకు లాక్టిక్ ఆమ్లమే మూలమను సిద్ధాంత మప్పటికి నోబెలు బహుమానము నందియుండెను. ఈ క్రొత్త పదార్థము కనబడుటతో నా సిద్ధాంతము కదలిపోయెను. 1929లో ఎ.టి.పి. యని నేడు బడిపిల్లలు సయితము చదువు శక్తిదాయక పదార్థమును గుర్తించిరి. అదే కాలమున జర్మనీ దేశమున లోమాను అను శాస్త్రజ్ఞుడు వేరుగా దానిని కనుగొనెను. మనము నడచుటకు, ఊపిరి పీల్చుటకు, ఈ యక్షరములు చదువుటకు గావలసిన శక్తిని జీవకణములు వ్యయపరచు నాణెము ఎ.టి.పి.యే. 1930లో సుబ్బారావుగారు డాక్టరేటు పట్టము నందిరి.

ఇంత జేసినను హార్వర్డునందు వారికి స్థిరమైన ఆచార్యపదవి లభింపలేదు. మద్రాసున నొక తలుపు మూతపడినది, బోస్టనున మరియొకటి. 1940లో న్యూయార్కు రాష్ట్రమున పెరల్ రివర్ అను చోటనున్న లెడర్లీ పరిశోధనాలయమున చేరి, పిమ్మట అచట పరిశోధనలకు అధిపతియైరి.

ఔషధములు

రసాయనజ్ఞులు, సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులు, వైద్యులు అనేకులు గూడి యొక పనిపై నడచునట్లు నడిపించుట సుబ్బారావుగారి గొప్పదనము. తన పేరు ముందుండవలెనను ఆరాటము వారికి లేదు. కావుననే వారు జేసిన పనిలో నధికభాగము ఇతరుల పేర్లతో లోకమునకు తెలిసెను.

1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేయుటలో వారి బృందము కృతకృత్యమయ్యెను. గర్భిణులకు గలుగు ఒకవిధమైన రక్తహీనతను ఈస్టునందలి యేదో పదార్థము నివారించునని లూసీ విల్సు అను వైద్యురాలు బొంబాయిలో పనిచేసి 1931లో ప్రకటించియుండెను. ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తరువాత తెలిసెను. అది సంగ్రహణి రోగులకును గుణమిచ్చెను. సోదరు లిరువురను బలిగొన్న వ్యాధికి, పాతిక సంవత్సరములు గడచిన పిమ్మట, సుబ్బారావుగారి పరిశోధనాలయమునుండియే మందు వెలువడెను. ఇట్టి ప్రతీకారమే వైద్యునకు తగిన ప్రతీకారము. నేడు మన గ్రామములలో గర్భిణులకు ఇనుముతో గూడ నిచ్చు మాత్రయందున్నది ఈ ఫోలిక్ ఆమ్లమే.

ఫోలిక్ ఆమ్లమునకు విరుద్ధముగ పనిచేయు పదార్థములను వారి శాల తయారుచేసెను. బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు క్యాన్సరు సోకిన 16 మంది బాలబాలికలకు అమినోప్టెరిన్ అను మందు నిచ్చి, వారిలో 10 మందికి తాత్కాలికముగనైనను గుణము కనబడెనని 1948లో ప్రకటించెను. అప్పటివరకు ఆ వ్యాధి సోకిన శిశువునకు మందే లేదు. ఆ జాతికే చెందిన మెథోట్రెక్సేటు నేటికిని క్యాన్సరునందును, కీళ్లవాతమునందును వాడబడుచున్నది.

హెట్రజాన్ అను పేర వెలువడిన డయిథైల్ కార్బమజీన్ బోదకాలును కలిగించు క్రిములను చంపు మందు. దీనినిగూర్చి మన ప్రాంతమువారికి వేరుగ చెప్పనక్కరలేదు. శ్రీకాకుళము మొదలు గోదావరుల వరకు కోస్తా జిల్లాలలో బోదకాలు లేని యూరు లేదని చెప్పుకొనిన కాలమొకటుండెను. 1955లో దేశమున బోదకాలు నివారణోద్యమ మారంభమయ్యెను. 2004నుండి వ్యాధిగల జిల్లాలలో సంవత్సరమునకొకమారు ఇంటింటికి మాత్రలు పంచు కార్యక్రమము సాగెను. వీధి యరుగుమీద కూర్చుండి ఆరోగ్యకార్యకర్త యిచ్చిన మాత్ర మ్రింగిన మన తల్లులలో, దానిని లోకమున కందించిన శాలకు నాయకు డొక భీమవరమువాడని యెందరికి తెలియును?

బెంజమిన్ డగ్గరు అను వృద్ధశాస్త్రజ్ఞుడు సుబ్బారావుగారి శాలయందే కనుగొనిన ఆరియోమైసిన్ 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. టెట్రసైక్లిన్ జాతి మందులలో నదియే మొదటిది. ఆ సంవత్సరము ఆగష్టు మాసమున, 53 సంవత్సరముల వయస్సున, నిద్రలోనే హృదయము నిలిచి సుబ్బారావుగారు దివంగతులైరి. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి యప్పటికి దాదాపుగ నొక సంవత్సరమాయెను. 1995లో వారి శతజయంతికి భారత ప్రభుత్వము తపాలాబిళ్లను విడుదల చేసెను.

ఈ చరిత్రమునుండి మనము గ్రహింపదగినది

సుబ్బారావుగారు బోస్టను చేరిన మరుసటి సంవత్సరమే, అనగా 1923లో, విశాఖపట్టణమున వైద్యకళాశాల వెలసెను. 1940లో దానికి ఆంధ్ర వైద్యకళాశాల యను పేరు వచ్చెను. వెంకమ్మగారు కుమారుని చెన్నపట్టణమునకు పంపుటకు నగలమ్మవలసి వచ్చినది. మన చోడవరపు తల్లికి, 2022లో మన యూరు అనకాపల్లి జిల్లాలో చేరినను, ఆ కళాశాల యొక పూట ప్రయాణపు దూరముననే యున్నది. దూరము తగ్గినది, పోటీ మాత్రము పెరిగినది. ఒకప్పుడు మార్కులనుబట్టి, 1986నుండి ఎంసెట్ పరీక్షనుబట్టి, నేడు దేశమంతటికి నొక్కటిగానున్న నీట్ పరీక్షనుబట్టి ప్రవేశము గలుగుచున్నది. భౌతిక, రసాయన, జీవశాస్త్రములలో 720 మార్కుల కీ పరీక్ష. గరిష్ఠ వయోపరిమితి 2022లో తొలగింపబడినది. కావున శాస్త్రవిషయములు చదివిన పట్టభద్రుడును నిబంధనల కనుగుణముగ మరల ప్రయత్నింపవచ్చును. పట్టాభిగారి కాలపు పట్టభద్రుల మార్గము పూర్తిగా మూసుకొనిపోలేదని దీని తాత్పర్యము.

అట్టి పట్టభద్రుని సిద్ధపరచుట కేమి చేయవలెను? మొదటిది, చదివినదే మరల చదువుటకు సిగ్గుపడకుండుట. బి.ఎస్సీ. పట్టముగలవాడు ఇంటర్మీడియేటు పుస్తకములను తెరచుట అవమానము గాదు. వైద్యుడైన సుబ్బారావుగారు మరల విద్యార్థియై కూర్చుండలేదా? రెండవది, ప్రతి శాస్త్రమును చేతితో నేర్చుట. లెక్క చేయుట, బొమ్మ గీయుట, ప్రయోగమున కొలుచుట. భాస్వరమును కొలుచుటనుండియే ఎ.టి.పి. దొరకినది. మూడవది, కాలనియమము. పగలు పాఠము, రాత్రి పని యను నియమముతో వారు నిలిచిరి. మన బాలురకు రాత్రి పని లేకున్నను, చేతిలోని ఫోనును రాత్రివేళ ప్రక్కనబెట్టు నియమమైన నుండవలెను.

నాలుగవది తలిదండ్రులకు సంబంధించినది. పరీక్ష తప్పిన బిడ్డను పదిమందిలో చిన్నబుచ్చరాదు. ప్రతి సంవత్సరము ఫలితముల దినమున మన రాష్ట్రములలో లేతప్రాణములు రాలిపోవుట వినుచున్నాము. ఆ దినమున ఆ బిడ్డ ప్రక్కన కూర్చుండి, సుబ్బారావుగారు మెట్రిక్యులేషను మూడవమారు గెలిచిన కథ చెప్పువా డొకడుండిన చాలును. అటులనే, మూడవమారును రానిచో వైద్యమొక్కటే జీవితము గాదనియు చెప్పవలెను. సుబ్బారావుగారికి సన్న్యాసము తప్పినది, ప్రభుత్వోద్యోగము తప్పినది, ఆచార్యపదవి తప్పినది. తప్పిన ప్రతిచోటను వారు వేరొక పని వెదకికొనిరి.

ఐదవది సంఘమునకు సంబంధించినది. ఆ జీవితమున నాలుగు చేతులు కనబడుచున్నవి. నగలు తీసియిచ్చిన తల్లి చేయి. ఫీజు కట్టిన మామగారి చేయి. ఉద్యోగము లేనపుడు పని యిచ్చిన లక్ష్మీపతిగారి చేయి. ముఖమెఱుగని విద్యార్థికి ధనమిచ్చిన కోరంగి దాత చేయి. ఇందే యొక్కటి తీసివేసినను కథ మధ్యలో నాగిపోవును. మన పోషకులు కల్యాణమండపములు కట్టించిరి, దేవాలయ ప్రాకారములు కట్టించిరి, అవియు గావలసినవే. వానితోబాటు, ఒక్కమారు తప్పి రెండవమారు చదువుచున్న పేద విద్యార్థికి ఒక సంవత్సరపు భోజనము, పుస్తకములు, శిక్షణ ఫీజు నిచ్చు నిధిని గూర్చి యీ సభలో నాలోచింపవలెనని మా ప్రార్థన. మొదటి శ్రేణిలో వచ్చినవానికి సన్మానము చేయువారు చాలమంది గలరు. తప్పినవానికి రెండవ యవకాశ మిచ్చువారు తక్కువ. ఆ నిధియందు ఆడపిల్లలకు సమానభాగ ముండవలెను. గ్రామములో మన కులము గాని పేద విద్యార్థి వచ్చి నిలువబడినపుడు, కోరంగి దాతను స్మరించి యాతనికిని కొంత ఈయవలెను.

ఆ నిధిచే చదివిన పిల్ల రేపు చోడవరపు ఆసుపత్రిలో వైద్యురాలై కూర్చుండవచ్చును. పరిశోధకురాలై దేశాంతరమునకు పోవచ్చును. ఎచటనున్నను మన యింటి గడపలో నొక గర్భిణికి, ఒక బోదకాలు రోగికి, ఒక జ్వరపీడిత శిశువునకు నామె చేతి మేలు చేరును. సుబ్బారావుగారు భీమవరమునకు తిరిగి రాలేదుగాని వారి మందు ప్రతి యూరికిని వచ్చెను.

శ్రీ స్వయంభూ విఘ్నేశ్వరస్వామి సన్నిధి గల ఈ చోడవరమున, విద్యాకార్యమునకు విఘ్నములు తొలగి, సంఘము వర్ధిల్లుగాక యని కోరుచు విరమించుచున్నాము.

స్వస్తి.